ఎడమ పేజీ

సోమవారం ఉదయం ఏడున్నరకి ఆ ఇంట్లో నలుగురూ ఒకేసారి మాట్లాడతారు. ఎనిమిదిన్నర దాటితే ఒక్క మాట వినపడదు. ఆ మధ్యలో ఉండే గంట కోసమే ఈమధ్య ఆమె నిద్ర లేస్తోంది.

"రెండో మేజోడు ఏదోయ్?" పడగ్గదిలోంచి భర్త కేక.

"మొదటిది ఎక్కడ దొరికిందో అక్కడే చూడండి," వంటింట్లోంచి ఆమె.

"మొదటిది బుజ్జి కాలికి దొరికింది!"

"ఇవి నావే నాన్నా! నీ కాలు పట్టేటట్టు సాగదీసింది నువ్వు," అంటూ కూతురు ఒంటికాలి మీద గెంతుతూ బయటికొచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, కాలేజీలో రెండో ఏడు. అమ్మ చేతిలోంచి లంచి డబ్బా అందుకుని సంచిలో పడేసుకుంది.

"కాలేజీ ఎలా ఉందే?"

"బాగుంది."

"సరే, జాగ్రత్త."

ముందుగదిలో కిటికీ పక్కన అత్తగారు పేపరు చదువుతున్నారు. డెబ్బయ్యారేళ్ళు. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పేపరు చివరి పేజీ దాకా అయితే తప్ప కాఫీ ముట్టరు.

"చల్లారిపోతోంది అత్తయ్యా."

"చల్లారనీ. ఈ వార్తలు మటుకు వేడివేడిగా ఉన్నాయా?" అన్నారావిడ, కోడలి వైపు కాకుండా పక్కనున్న బీరువా వైపు చూస్తూ.

ఆరు నెలలుగా ఇదే వరస. మొహంలోకి చూసి మాట్లాడటం మానేశారు. ఆమెకి ఆఫీసుకి వెళ్ళే పని తగ్గిపోయి ఇంటి పట్టున ఉండటం మొదలైంది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. ఉద్యోగం ఊడబోయే కోడలి మొహం చూడబుద్ధి కావట్లేదేమో అని ఆమె ఒకరోజు అనుకుంది. అనుకున్నాక ఆ మాట పోలేదు. పంటి సందున ఇరుక్కున్న పీచులా అక్కడే ఉండిపోయింది.

భర్త జోళ్ళు తొడుక్కుంటూ, "మీ గుమాస్తా లేచాడా?" అన్నాడు. అతనికి వీధి చివర కళ్ళద్దాల దుకాణం ఉంది.

"వాడికి నిద్రెక్కడిది? నేను లేచేసరికి శనివారం నాటి మూడు మీటింగులూ రాసి పెట్టేశాడు."

"అదృష్టవంతురాలివి. పని వాడిది, జీతం నీది."

"ఎన్నాళ్ళో," అందామె. అప్పటికే వీధి తలుపు మూసుకుపోయింది.

మధ్యగదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని, కంప్యూటరు ముందు కూర్చుంది. గోడకవతల పేపరు పేజీ తిరిగిన చప్పుడు వినిపించింది. సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఆడవాళ్ళిద్దరే ఉంటారు. ఇద్దరి మధ్యా ఒకటే గోడ.

ఆమె బిజినెస్ అనలిస్టు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పెళ్ళయిన కొత్తలో "అంటే ఏం చేస్తావమ్మాయ్?" అని అత్తగారు అడిగితే, "ఒక ఆఫీసు వాళ్ళకి కంప్యూటరు చేత ఏం చేయించుకోవాలో సరిగ్గా చెప్పడం రాదు అత్తయ్యా. చేసిపెట్టేవాళ్ళకి వీళ్ళ మాట అర్థం కాదు. నేను వెళ్ళి వీళ్ళ పక్కన కూర్చుని, పని చూసి, ప్రశ్నలడిగి, వాళ్ళకి అర్థమయ్యేటట్టు రాసిపెడతాను," అని చెప్పింది.

"ఓహో, పెళ్ళిళ్ళ పేరయ్యవన్నమాట," అని ఆవిడ నవ్వారు. ఆరోజుల్లో మొహం చూసే నవ్వేవారు.

ఆమెకి ఒక పద్ధతి ఉండేది. ప్రతి పనికీ ఒక గీతల పుస్తకం. కుడి పేజీలో పెన్నుతో, మనుషులు చెప్పినది. ఎడమ పేజీలో పెన్సిలుతో, చెప్పనిది. ఎక్కడ ఆగారు, ఎవరి వైపు చూశారు, ఏ ప్రశ్నకి గొంతు తగ్గింది. ఒకసారి ఒక ఆసుపత్రి మందుల స్టోరులో, "గడువు దాటిన మందులతో ఇబ్బందేమైనా ఉందా?" అని అడిగితే, స్టోరుకీపరు "ఏం లేదండీ" అన్నాడు. అంటూనే అతని చెయ్యి కింది సొరుగు మీదికి వెళ్ళింది. కుడి పేజీలో 'ఇబ్బంది లేదు' అని రాసి, ఎడమ పేజీలో 'కింది సొరుగు' అని రాసుకుంది. మర్నాడు వెళ్ళి, "ఇవాళ మీ పక్కన కూర్చుంటాను, మీరు పని చేస్తుంటే చూస్తాను" అంది. మధ్యాహ్నానికల్లా సొరుగులోంచి అతని సొంత చిట్టా బయటికొచ్చింది. ఆసుపత్రికి చెప్పలేని లెక్కలన్నీ అందులో ఉన్నాయి. అతన్ని దోషిని చెయ్యకుండా ఆ సొరుగులో ఉన్నదాన్నే కొత్త పద్ధతిగా కట్టించింది.

ఇంకొకటి కూడా తనకి తానే నేర్చుకుంది. ఎవరైనా జవాబు చెప్పాక వెంటనే ఇంకో ప్రశ్న వెయ్యకూడదు. మనసులో పది అంకెలు లెక్కపెట్టాలి. మొదటి జవాబు మర్యాదకి చెప్పేది. అసలు జవాబు ఆరుకో, ఏడుకో వస్తుంది.

ఇప్పుడు మీటింగుల్లో ఆ కొత్త యంత్రం కూర్చుంటోంది. ఆఫీసులో దాని పేరు అసిస్టెంటు, ఇంట్లో గుమాస్తా. నలుగురు మాట్లాడింది విని, ఎవరేమన్నారో విడదీసి, ఏం కట్టాలో వరసగా రాసి, రెండు నిమిషాల్లో పంపేస్తుంది. తప్పులు వెతుకుదామని మొదట్లో పంతంగా చదివింది. తప్పులు లేవు. ఆమె రెండు రోజులు కూర్చుని రాసే కుడి పేజీ కంటే అది రాసిందే శుభ్రంగా ఉంది. ప్రతి నివేదిక చివరా ఒక చిన్న అక్షరాల వాక్యం మాత్రం ఉంటుంది: 'నలభై నిమిషాల సంభాషణను పదకొండు నిమిషాలకు కుదించాం. మౌనాలు తొలగించాం.'

ఆమె పని దాన్ని చదివి, కింద 'సరిచూశాను' అని ఒక గడి నొక్కడం. గిడ్డంగులూ, ఆసుపత్రులూ, టికెట్ కౌంటర్లూ తిరిగి పరాయివాళ్ళ టీ గ్లాసుల్లో టీ తాగిన మనిషికి, రోజంతా మాట్లాడేందుకు ఆ గడి తప్ప ఎవరూ లేరు. ఒకరోజు సాయంత్రం సరదాకి లెక్కేసుకుంది. పొద్దుటి నుంచి నోరు తెరిచి అన్న మాటలు మూడు: "అవునండీ", "పంపాను", "థాంక్యూ."

పదకొండింటికి మేనేజరు తెరమీదికొచ్చాడు. ఆమె కంటే పన్నెండేళ్ళు చిన్న. మంచివాడే. అందుకే అతని మొహంలో ఇబ్బంది దాగలేదు.

"మేడమ్, దాచకుండా చెప్తాను. మన టీములో ఏడుగురు అనలిస్టులున్నారు. ఈ నెలాఖరుకి ఇద్దరే ఉంటారు."

అతను కంగారుపడి తనే కొనసాగించాడు. "మీరు ఉండే దారి ఒకటుంది. మీ నోటుపుస్తకాలు. మీరు ఎడమ పేజీలో ఏదో రాస్తారని పాతవాళ్ళందరూ చెప్తారు. అసిస్టెంటుకి చెప్పింది రాయడం వచ్చు, చెప్పనిది పట్టుకోవడం రాదు. మీ పుస్తకాలన్నీ స్కాన్ చేసి ఇస్తే దానికి నేర్పిద్దాం. నేర్పేది మీరే. ఏడాది పాటు మీ సీటుకి ఢోకా లేదు."

"అందులో మనుషుల సంగతులున్నాయండీ. నమ్మి చూపించినవి."

"పేర్లు తీసేద్దాం మేడమ్."

"పేరు తీసేసినా భయం ఎవరిదో వాళ్ళ పైవాళ్ళకి తెలిసిపోతుంది కదా."

అతను నుదురు రుద్దుకున్నాడు. "శుక్రవారం దాకా ఆలోచించుకోండి. నాకూ వేరే దారి లేదు."

సాయంత్రం భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పింది. భర్త గ్లాసు కింద పెట్టకుండానే తేల్చేశాడు. "ఇచ్చెయ్. అటక మీద బొద్దింకలు చదువుకుంటున్న పుస్తకాలకి ఇన్నాళ్ళకి గిరాకీ వచ్చింది. నా దుకాణం చూస్తున్నావుగా, జనం కళ్ళద్దాలు కూడా ఫోన్లోనే కొనేస్తున్నారు. నీ ఉద్యోగం కూడా పోతే ఎలా?"

"మొత్తం ఎన్నమ్మా?" అంది కూతురు.

"నలభై ఒకటి."

"నా ఫోనుతో స్కాన్ చేసిపెడతాలే. బుధవారం నాకు క్లాసుల్లేవు."

ఆమె కూర గిన్నె మీద మూత సర్దింది. అవునని అనలేదు, కాదని అనలేదు. అత్తగారు కంచంలోకి చూడకుండా ఎటో చూస్తూ, "అందరూ నిర్ణయం చెప్పేశారు. పుస్తకాలు రాసినావిడ తప్ప," అన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. ఆమెకి ఆ మాట ఎత్తిపొడుపులా వినిపించింది.

బుధవారం చాలా రోజుల తర్వాత మనుషులున్న మీటింగుకి పిలుపొచ్చింది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి పంపే పెద్ద లాండ్రీ అది. బల్ల మధ్యలో అసిస్టెంటు వినడానికి అరచేతంత నల్లటి డబ్బా పెట్టారు. మాట్లాడేవాళ్ళందరూ ఆ డబ్బా వైపే చూసి మాట్లాడారు. ఇస్త్రీ విభాగం సూపర్‌వైజరు, ఏభై దాటినావిడ, "కొత్త లెక్కింపు పద్ధతి బాగుందా?" అని లాండ్రీ మేనేజరు అడిగితే తన వేళ్ళ వైపు చూసుకుంది. కాలిన మచ్చల వేళ్ళు. చాలాసేపటికి "బాగుంది సార్" అంది.

ఆమె చెయ్యి అలవాటుగా సంచిలోకి వెళ్ళింది. పుస్తకం లేదు. ఈమధ్య తేవడం మానేసింది. మీటింగయ్యాక పలకరిద్దామని లేచేసరికి ఆ సూపర్‌వైజరు పనిలోకి వెళ్ళిపోయింది. మెట్లు దిగుతుండగానే ఫోనులోకి నివేదిక వచ్చేసింది. 'కొత్త పద్ధతి పట్ల సూపర్‌వైజరు సంతృప్తి వ్యక్తం చేశారు.' కింద 'సరిచూశాను' గడి. ఆమె నొక్కలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ గడి వైపే చూస్తూ ఇంటికొచ్చింది.

నాలుగింటికి తలుపు తీసేసరికి అటక ఖాళీగా ఉంది. నలభై ఒక్క పుస్తకాలూ భోజనాల బల్ల మీద దొంతర్లుగా ఉన్నాయి. మధ్యలో కూతురు ఒక పుస్తకం తెరిచి పట్టుకుని కూర్చుంది. భర్త దుకాణం నుంచి అప్పుడే కాఫీకి వచ్చినట్టున్నాడు.

"ఎవర్నడిగి తీశావు?"

"నాన్న తియ్యమన్నాడు."

"నేనే చెప్పాను," అన్నాడతను. "శుక్రవారం ముంచుకొస్తోంది, నువ్వు చూస్తే కదలవు, మెదలవు."

"నేను సరే అన్నానా?"

"కాదనలేదుగా!"

"కాదనకపోతే సరే అన్నట్టా? ఇరవై రెండేళ్ళు కాపురం చేశారు, నేను ఊరుకుంటే ఏమిటో తెలీదా మీకు?" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. కూతురి వైపు తిరిగింది. "ఎన్ని చేశావు?"

"పదకొండు. ఊరికే ఫోటోలు తియ్యలేదు. నా ఫోన్లో కూడా గుమాస్తా ఉన్నాడుగా, వాడికిచ్చాను, ఎలా చదువుతాడో చూద్దామని."

"ఎడమ పేజీలు కూడానా?" ఆమె కుర్చీ పట్టుకుంది. "అవి నావి కావే! నన్ను నమ్మినవాళ్ళవి. ముందు చెరిపెయ్. ఇప్పుడే, నా కళ్ళముందు."

కూతురు చెరిపేసింది. ఫోను బల్లమీద పెట్టింది. పిల్ల మొహంలో తప్పు చేసిన భయం లేదు, ఏదో దెబ్బ తగిలిన చూపు ఉంది.

"చెరిపేశాను. కానీ ముందు వాణ్ణొక ప్రశ్న అడిగాను. ఇది రాసినావిడ కుటుంబం గురించి ఏం రాసింది అని. ఏమన్నాడో తెలుసా? 'ఈ పుస్తకాలలో రచయిత్రి కుటుంబానికి సంబంధించిన సమాచారం ఏదీ లభించలేదు.'"

"ఆఫీసు పుస్తకాల్లో ఇంటి సంగతులెందుకుంటాయే?"

"వాడు చదివింది పదకొండే. మిగతా ముప్పై నేనే తిరగేశాను. ఎవరో స్టోరుకీపరు సొరుగు మీద చెయ్యి వేస్తే రాశావు. టికెట్ కౌంటరు అమ్మాయి మూడుసార్లు గడియారం చూసుకుంటే, ఇంట్లో పసిపిల్ల ఉందేమో అని రాశావు. అంత బాగా చూస్తావమ్మా నువ్వు! ఎంత బాగా రాశావో! చదువుతుంటే ఏడుపొచ్చింది. నా గురించి నీకేం తెలుసు? మూడు నెలలుగా నేను కాలేజీలో మెట్ల కింద ఒక్కదాన్నే కూర్చుని తింటున్నాను. రోజూ మనింటికొచ్చేదే నా ఫ్రెండు, అది నాతో మాట్లాడటం మానేసింది. అది రావట్లేదని కూడా నువ్వు చూడలేదు."

"రోజూ అడుగుతూనే ఉన్నాను కదే, కాలేజీ ఎలా ఉందని! బాగుంది అన్నావు."

"అది కుడి పేజీ అమ్మా!"

భర్త కాఫీ తాగకుండానే దుకాణానికి వెళ్ళిపోయాడు. కూతురు తన గది తలుపేసుకుంది. కిటికీ పక్క కుర్చీలో అత్తగారు అలాగే కూర్చుని ఉన్నారు. ఏదైనా అంటారేమో అని ఆమె ఒక్క క్షణం నిలబడింది. ఆవిడ బీరువా వైపు చూస్తూ ఉండిపోయారు.

పుస్తకాలన్నీ ఒక్కతే అటకెక్కించింది. ఒక్కో దొంతరా ఎత్తుతుంటే ఎప్పుడూ లేనంత బరువనిపించింది. ఇన్నాళ్ళూ తనని ఎవరూ చూడట్లేదనే బాధపడింది. తను ఎవర్ని చూసింది?

గురువారం ఉదయం ఏడున్నరకి కూడా ఆ ఇంట్లో మాటల్లేవు. భర్తా కూతురూ వెళ్ళిపోయాక, ఒంట్లో బాగాలేదని ఆఫీసుకి కబురు పెట్టింది. కంప్యూటరు తెరవలేదు. సొరుగులోంచి ఒక కొత్త పుస్తకం, చెక్కిన పెన్సిలు తీసుకుని ముందుగదిలోకొచ్చి స్టూలు మీద కూర్చుంది. కొత్త ఆఫీసులో మొదటి రోజు కూర్చున్నట్టే, గోడవారగా, ఎవరి పనికీ అడ్డం కాకుండా. ఎడమ పేజీ తెరిచింది.

ఎనిమిదీ నలభై. మొదటి పేజీ. నాలుగు నిమిషాలు.

ఎనిమిదీ నలభై నాలుగు. రెండో పేజీ. నాలుగు నిమిషాలు.

ఎనిమిదీ నలభై ఎనిమిది. మూడో పేజీ. అక్షరాల్లేవు. పేజీ నిండా ఒక కారు బొమ్మ, ప్రకటన. నాలుగు నిమిషాలు.

పెన్సిలు ఆగిపోయింది. లేచి, చప్పుడు చెయ్యకుండా బాల్కనీలోకి వెళ్ళి పాత పేపర్ల కట్ట విప్పింది. చివరి పేజీలో అంకెల గళ్ళ పజిల్ ఉంటుంది. అత్తగారు దాన్ని పెన్నుతోనే పూర్తి చేసేవారు, కొట్టివేతలు లేకుండా. నెల రోజుల పేపర్లు తిరగేసింది. ఒక్క గడి కూడా నిండలేదు.

తిరిగొచ్చి స్టూలు దగ్గరికి జరుపుకుంది. ఇలాంటప్పుడు ఏం అడగకూడదో ఆమెకి తెలుసు. 'మీకు కనిపించట్లేదా?' అంటే 'బాగానే కనిపిస్తోంది' అనే జవాబొస్తుంది.

"అత్తయ్యా, కాసేపు మీ పక్కన కూర్చుంటాను. మీరు పేపరు ఎలా చదువుతారో నాకు చూపిస్తారా?"

ఆవిడ చేతిలో పేపరు కదల్లేదు. ఆమె లెక్కపెట్టడం మొదలెట్టింది. పది దాటింది. పదిహేను దాటింది. లెక్కల టీచరు, పదికి లొంగే మనిషి కాదు. ఇరవై ఆరు దగ్గర అత్తగారు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎలా కనిపెట్టావు?"

"కారు ప్రకటన నాలుగు నిమిషాలు చదివారు."

"ఛ," అన్నారావిడ. "బొమ్మలుంటాయని లెక్కలో వేసుకోలేదు. ముప్పయ్యేళ్ళు పాఠం చెప్పి ఇంత చిన్న లెక్క తప్పాను చూడు." నవ్వబోయారు. "ఆరు నెలలైంది అమ్మాయ్. చుట్టూ అంతా కనిపిస్తుంది. సరిగ్గా ఎక్కడ చూస్తే అక్కడ మాత్రం మసక, వేలిముద్ర పడ్డ అద్దంలా."

"మీ అబ్బాయికి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? కళ్ళద్దాలవాడి తల్లికే చూపు లేదంటే ఇంక వాడి దుకాణం మెట్టెక్కేదెవరు? అసలే ఈగలు తోలుకుంటున్నాడు. నీకు చెబుదామా అంటే నీ బాధలో నువ్వున్నావు."

"నేను... మీకు నా మొహం చూడటం ఇష్టం లేదనుకున్నాను. ఎప్పుడూ ఆ బీరువా వైపు చూస్తుంటే."

అత్తగారు నిర్ఘాంతపోయారు. "ఓసి పిచ్చిదానా! సూటిగా చూస్తే నీ మొహం ఉండాల్సిన చోట మసకేనే. బీరువా వైపు చూస్తే నువ్వు ఓరగా కనిపిస్తావు. కళ్ళూ ముక్కూ తెలుస్తాయి. ఈ ఆరు నెలలూ నేను చూస్తున్నది బీరువాననుకున్నావా? నిన్నే."

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె మోకాలి మీద ఆగింది.

"కళ్ళు పోతే చెవులు పెద్దవవుతాయి. నీ గదిలోంచి ముందు టైపు చప్పుడు వాన కురిసినట్టు వచ్చేది. ఇప్పుడు గంటకోసారి ఒక్క చినుకు. ఫోన్లో ఎవరెవరితోనో నవ్వేదానివి, అదీ లేదు. పోయిన మంగళవారం మధ్యాహ్నం నువ్వు ఏడ్చావు. తలుపు దాకా వచ్చాను. ఏమనాలో తెలీక మళ్ళీ వచ్చి కూర్చున్నాను."

"పిలవాల్సింది అత్తయ్యా."

"నువ్వు మటుకు పిలిచావా?"

తర్వాత ఆమె పేపరు తీసుకుని మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలెట్టింది. రెండో వార్త దగ్గర అత్తగారు ఆపారు. "గొంతు బొంగురు పోయింది. మాట్లాడక తుప్పు పట్టింది. ముందు వెళ్ళి మనిద్దరికీ వేడిగా కాఫీ పట్రా. చల్లటి కాఫీ తాగలేక ఆరు నెలల్నుంచి చస్తున్నాను."

"మరి పేపరయ్యేదాకా ముట్టరుగా!"

"కప్పు వైపు చూస్తే కప్పే మాయమయ్యేదే. అందరూ వెళ్ళాక తడుముకుని తాగేదాన్ని."

సాయంత్రం భర్త రాగానే ఆమె సంగతి చెప్పింది. అతను జోళ్ళు విప్పకుండానే లోపలికొచ్చి, జేబులోంచి చిన్న టార్చి తీసి, తల్లి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక కన్ను మూయించి వేళ్ళెన్నో చెప్పమన్నాడు. తర్వాత రెండోది. టార్చి ఆర్పేసి చాలాసేపు నేల వైపు చూశాడు.

"రోజూ ఊళ్ళోవాళ్ళందరి కళ్ళల్లోకీ చూస్తాను అమ్మా," అన్నాడు.

"అద్దాలు మారిస్తే పోతుందిట్రా?"

"పోదు. కళ్ళ డాక్టరుకి చూపించాలి. రేపే. ఉన్న చూపు నిలబడుతుందేమో."

"చూపిద్దాం. ముందు నీ కళ్ళు తుడుచుకో, నీకూ మసకేసినట్టుంది."

గుమ్మంలో నిలబడిన కూతురు ఫక్కున నవ్వి, ఆ వెంటనే నానమ్మ మెడ చుట్టూ చేతులేసి ఏడ్చేసింది. భర్త లేచి వంటింట్లోకి వచ్చాడు. ఆమె వీపు వైపు నిలబడి, "పుస్తకాలు నువ్వు ఎలా అంటే అలా. నిన్న అడగాల్సింది," అన్నాడు. మేజోడు పోయినప్పుడు తప్ప ఆమెని ఏదీ అడగని మనిషి అంత మాట అనడమే ఎక్కువ.

శుక్రవారం ఆమె ఆఫీసుకి వెళ్ళి కుడి పేజీల స్కాన్లన్నీ ఇచ్చింది.

"ఎడమవి?" అన్నాడు మేనేజరు.

"అవి ఇవ్వలేనండీ. దానికి నేర్పాలనుకుంటే ఒకటే చెప్పండి. మౌనాలు తీసెయ్యొద్దని."

అతను నవ్వలేదు. "సోమవారం జాబితా వస్తుంది మేడమ్. మీ పేరు ఉండకపోవచ్చు."

"తెలుసు. వెళ్ళేలోపు ఒక్క పని చెయ్యనివ్వండి. ఆ లాండ్రీ నివేదిక నేను సరిచూడలేదు. ఇస్త్రీ విభాగంలో ఒక రోజంతా కూర్చుని వస్తాను. ఆవిడకి ఆ పద్ధతి బాగాలేదు."

"బాగుందనే అందిగా?"

"అంది," అందామె. అతను ఏదో అనబోయి ఆగాడు. ఆమె ఊరుకుంది. కాసేపటికి అతనే, "వెళ్ళి రండి," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి అత్తగారూ భర్తా ఆసుపత్రి నుంచి ఇంకా రాలేదు. కూతురు భోజనాల బల్ల దగ్గర లంచి డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీస్తోంది. ఆమె సంచి దించి ఎదురు కుర్చీలో కూర్చుంది. సోమవారం నుంచి తన రోజులు ఎలా ఉంటాయో ఆమెకి తెలీదు. వాటి గురించి ఈ పూట ఆలోచించదలచుకోలేదు.

"కాలేజీ ఎలా ఉందే?"

"బాగుంది," అంది పిల్ల, డబ్బా వైపు చూస్తూ.

ఆమె లేవలేదు. 'సరే, జాగ్రత్త' అనలేదు. స్టవ్ వైపు గానీ, ఫోను వైపు గానీ చూడలేదు. పిల్ల వేళ్ళ వైపు చూస్తూ కూర్చుంది. ఒకటి. రెండు. బయట ఎవరో మెట్లెక్కుతున్నారు. మూడు. నాలుగు. పిల్ల మూత గట్టిగా నొక్కి పెట్టింది. ఐదు. ఆరు.

"నిజం చెప్పాలంటే అమ్మా," అంది కూతురు.